హార్డ్ అండ్ ఫాస్ట్ రూల్‌లో ఆ 'ఫాస్ట్' ఏమిటి?

ఎంవీపీ_మేనమామ:
మా మేనల్లుడు బ్యాంకు పరీక్షలకి ప్రిపేర్ అవుతున్నాడు. మొన్న రాసిన మాక్ టెస్ట్‌లో 'హార్డ్ అండ్ ఫాస్ట్' అంటే ఏమిటని అడిగి నాలుగు ఆప్షన్లు ఇచ్చారట. వీడు 'కష్టపడి వేగంగా' అన్నది పెట్టాడు. కీలో 'బిగుసుకున్న, మార్చడానికి వీల్లేని' అని ఉంది. మార్కు పోతే పోయింది గానీ, వాడు అడిగిన దానికి నా దగ్గర జవాబు లేదు. హార్డ్ అంటే గట్టి, సరే. ఫాస్ట్ అంటే వేగం కదా మావయ్యా, పరిగెత్తేదాన్ని తెచ్చి కదలనిదానికి ఎలా అంటించారు అంటాడు. "అది ఇడియంరా, బట్టీ పట్టు" అన్నాను. ఊరుకోడే! మనం మాత్రం పొద్దున లేస్తే 'హార్డ్ అండ్ ఫాస్ట్ రూలేం లేదండి' అనేస్తూనే ఉంటాం. తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెబుతారా?

గాజువాక_కుర్రాడు:
ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ఆటోవాళ్లు పాటించే రూలేమో బాబాయ్, హార్డూ ఫాస్టూ రెండూ ఉంటాయి 😄

జోక్ పక్కన పెడితే, నేను ఇంతకుముందు చేసిన ఒక ఆఫీసులో 'పెండింగ్ ఫైళ్లన్నీ హార్డ్ అండ్ ఫాస్ట్‌గా క్లియర్ చేయవలెను' అని సర్క్యులర్ వచ్చింది. కింద పెద్ద సంతకం కూడాను. కాబట్టి మీవాడికి తోడు చాలామందే ఉన్నారు.

రిటైర్డ్_మాస్టారు:
మేనమామ గారూ, కుర్రాడు అడిగింది సరైన ప్రశ్న. ఇడియం అని తోసెయ్యకండి.

తిరకాసంతా ఒక్కచోటే ఉంది. ఫాస్ట్‌కి వేగం అన్న అర్థం తర్వాత వచ్చి చేరింది. అసలు అర్థం గట్టిగా నిలిచి ఉన్నది, ఊడి రానిది. జర్మన్‌లో దీని తోబుట్టువు 'ఫెస్ట్' ఇప్పటికీ దృఢం అన్న అర్థంలోనే నడుస్తోంది. ఇంగ్లీషులో కూడా ఆ పాత అర్థం చావలేదు, మనం పట్టించుకోమంతే. విమానంలో 'ఫాస్టెన్ యువర్ సీట్ బెల్ట్' అంటే త్వరగా పెట్టుకోమని ఎవరూ అనుకోరు. ఫాస్ట్ అస్లీప్ అంటే గాఢనిద్ర. ఫాస్ట్ ఫ్రెండ్స్ అంటే విడదీయలేని స్నేహితులు, పరిచయమైన పూటే స్నేహం కలిసిందని కాదు. స్టెడ్‌ఫాస్ట్‌లో ముందున్న ముక్కకి చోటు అని అర్థం, అంటే ఉన్న చోటు వదలనివాడు.

మరి వేగం ఎక్కడిది అంటారా? 'గట్టిగా, బలం పెట్టి' అన్న క్రియావిశేషణం నుంచి వచ్చింది. గట్టిగా లాగు, గట్టిగా కొట్టు, ఆ వరసలోనే గట్టిగా పరిగెత్తు. ఒంట్లో బలమంతా పెట్టి పరిగెత్తేవాడు వేగంగానే పోతాడు కదా. మధ్యయుగాల ఇంగ్లీషులో ఈ మలుపు తిరిగింది. తర్వాత వేగం అర్థం బలిసిపోయి, పాతది మూలకి వెళ్లింది. మన 'గట్టిగా' కూడా తక్కువదేం కాదు. గట్టిగా పట్టుకో అన్నప్పుడు బిగువు ఉంది, మరి గట్టిగా మాట్లాడు అన్నప్పుడు ఏముంది?

ల్యాబ్_అక్క:
మాస్టారూ, ఒక్క నిమిషం. మా ల్యాబ్‌కి వచ్చేవాళ్లలో సగంమంది 'ఫాస్టింగ్ షుగర్' కోసమే వస్తారు. పొద్దున్నే టీ తాగేసి వచ్చి "కొంచెమే తాగానమ్మా" అంటారు, అది వేరే కథ. ఈ ఉపవాసం ఫాస్ట్ ఏ ఫాస్ట్?

రిటైర్డ్_మాస్టారు:
అదీ ఇదే కుటుంబం అమ్మా. గట్టిగా పాటించడం, నియమాన్ని పట్టుకుని ఉండడం అన్న అర్థం నుంచి తిండి మానే నియమానికి వచ్చింది. మన ఆడవాళ్లు నోము 'పట్టారు' అంటాం చూడండి, అచ్చంగా అదే ఊహ. ఆ ఉపవాసాన్ని విరిచేది బ్రేక్‌ఫాస్ట్.

అసలు తెలుగులో ఫాస్ట్‌కి జోడీ వెతకాలంటే నేను 'పట్టు' అంటాను. పట్టుదల, మొండిపట్టు, పట్టుబట్టి కూర్చోవడం, అన్నీ ఆ గూటివే.

ల్యాబ్_అక్క:
అయితే నాకు ఇంకోటి అర్థమైంది! టీబీ అనుమానం ఉన్నవాళ్ల కఫం మా దగ్గరకి వస్తుంది. దానికి చేసే పరీక్షని 'ఏఎఫ్‌బీ' అంటాం, అంటే యాసిడ్ ఫాస్ట్ బేసిలై. కోర్సులో చేరిన కొత్తలో 'యాసిడ్‌లో వేగంగా పెరిగే బ్యాక్టీరియా' అని చెప్పిన క్లాస్‌మేట్లు ఉన్నారు. అసలు సంగతి ఏంటంటే, స్లైడ్ మీద ముందు కార్బాల్ ఫుక్సిన్ అనే ఎర్ర రంగు పోసి కింద నుంచి వేడి చూపిస్తాం, ఆవిరి రావాలి గానీ మరగకూడదు. తర్వాత సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో కడుగుతాం. మిగతా వాటన్నిటికీ రంగు కారిపోతుంది. టీబీ క్రిమి గోడలో మైనం లాంటి పదార్థం ఉంటుంది కాబట్టి అది మాత్రం రంగు వదలదు. చివర్లో మిథిలీన్ బ్లూ వేస్తే నీలం మధ్యలో సన్నటి ఎర్ర పుల్లలు కనిపిస్తాయి. యాసిడ్‌కి కూడా లొంగకుండా రంగుని పట్టుకుని ఉండేది, అందుకే యాసిడ్ ఫాస్ట్. పైగా టీబీ క్రిమి పెరగడం చాలా నెమ్మది, కల్చర్ పెడితే, అంటే ల్యాబ్‌లో పెంచి చూస్తే, వారాలు పడుతుంది. 'ఫాస్ట్' అని పేరు, నడక మాత్రం నత్తనడక!

పూర్ణా_మార్కెట్_బట్టలకొట్టు:
మా కొట్లో రోజుకి పదిసార్లు వినిపించే మాట ఇది. 'ఫాస్ట్ కలరేనా?' అని అడగని అమ్మగారు ఉండరు. ఉతికితే రంగు దిగదు అని దాని అర్థం. మేం పుట్టినప్పటి నుంచీ అంటున్నాం, ఇంత చరిత్ర ఉందని ఇప్పుడే తెలిసింది. ఎర్ర చీర, తెల్ల పంచె ఒకే బకెట్‌లో నానబెట్టి మర్నాడు మా మీదకి వచ్చేవాళ్ల గురించి మాత్రం ఏ డిక్షనరీలోనూ ఉండదు.

టగ్‌బోట్:
మాస్టారు మూలకి వెళ్లింది అన్నారు గానీ, మా దగ్గర ఆ పాత అర్థమే రోజూ తిరుగుతుంది. నేను హార్బర్‌లో టగ్ మీద, అంటే పెద్ద ఓడల్ని లాగే చిన్న ఓడ మీద చేస్తాను. ఓడని బెర్త్‌కి తెచ్చేటప్పుడు, దానికి రేవులో దారి చూపే పైలట్ 'మేక్ ఫాస్ట్' అన్నాడంటే టగ్ తాడు ఓడకి కట్టమని. ముందు వైపు, వెనక వైపు మోకులన్నీ ఒడ్డున బొలార్డులనే గుంజలకి తగిలించి, బిగించి, ఇక కదలదు అనుకున్నాక 'ఆల్ ఫాస్ట్' అని వినిపిస్తుంది. ఆ మాట వింటే మాకు టీ టైం అయినట్టే. కొత్తగా వచ్చిన ట్రైనీ ఒకడు 'ఆల్ ఫాస్ట్' విని డెక్ మీద పరుగు లంకించుకున్నాడు, వాడికి ఆ పేరే ఉండిపోయింది.

ఇక మీరు అడిగిన పూర్తి మాట, హార్డ్ అండ్ ఫాస్ట్, అది నేలకి తగిలి కూరుకుపోయిన ఓడ గురించి. 2020 అక్టోబర్‌లో వాయుగుండం వచ్చినప్పుడు మన విశాఖ తెన్నేటి పార్క్ దగ్గరికి కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ సరుకు ఓడ 'ఎం.వి. మా' గుర్తుందా? ఊరు ఊరంతా సెల్ఫీలకి ఎగబడింది. ఆ గాలికి లంగరు ఆగలేదు. ఓడ దాన్ని ఈడ్చుకుంటూ వచ్చి ఒడ్డు పక్కన రాళ్లలో ఇరుక్కుంది. అదీ హార్డ్ అండ్ ఫాస్ట్ అంటే. నీళ్లలో తేలే ఓడకి కెరటం తగిలితే ముక్కు లేస్తుంది, తోక దిగుతుంది, ఒళ్లంతా ఊగుతుంది. ఇలా కూర్చున్న ఓడకి ఎంత కెరటం కొట్టినా ఆ చప్పుడే గానీ కదలిక ఉండదు. నీళ్లు పక్కల నుంచి ఎగిరిపడతాయి. కైలాసగిరి దిగువ రోడ్డు మీద నిలబడి చూసినవాళ్లకి నేను చెప్పేది తెలుస్తుంది.

ఎంవీపీ_మేనమామ:
మావాడిని తీసుకెళ్లి ఆ ఓడ చూపించాను కూడా, అప్పుడు చిన్నవాడు. చూడండి, జవాబు ఎదురుగా నిలబడి ఉంటే మేం ఐస్‌క్రీం తిని వచ్చాం.

అనుమానం_పక్షి:
కథ బాగుంది, అందుకే నాకు అనుమానం. ఇంగ్లీషులో ఏ మాటకి పుట్టుక తెలియకపోయినా తీసుకెళ్లి సముద్రంలో పడేస్తారు. దర్జా అని అర్థం వచ్చే 'పోష్' అనే మాట ఇండియాకి వచ్చే ఓడల టికెట్ల మీద రాసిన నాలుగు అక్షరాలు కలిస్తే పుట్టిందని స్కూల్లో మాకు గొప్పగా చెప్పారు. తీరా చూస్తే అలాంటి టికెట్ ఒక్కటీ ఎవరికీ దొరకలేదు. హార్డ్ అంటే గట్టి, ఫాస్ట్ అంటే గట్టి. గట్టిగా చెప్పడానికి రెండు కలిపి వాడి ఉండొచ్చు. మనం 'రాయీ రప్పా', 'బిర్రబిగుసుకుని' అన్నట్టు. దీనికి ఓడ ఎందుకు?

రిటైర్డ్_మాస్టారు:
అనుమానం మంచిదే. పోష్ కథ విషయంలో మీరన్నది నిజం, దానికి ఆధారం లేదు. కానీ ఇక్కడ కాగితం ఉంది. విలియం హెన్రీ స్మిత్ అనే బ్రిటిష్ అడ్మిరల్ నావికుల మాటలన్నీ పోగేసి ఒక నిఘంటువు రాశాడు, ఆయన పోయాక 1867లో అచ్చయింది. అందులో హార్డ్ అండ్ ఫాస్ట్‌కి ఇచ్చిన అర్థం ఒక్క ముక్క: ఒడ్డుకెక్కిన ఓడ గురించి అనేది. రూల్ ఊసే లేదు. సుమారుగా ఆ కాలంలోనే బ్రిటిష్ రాజకీయ ప్రసంగాల్లో 'హార్డ్ అండ్ ఫాస్ట్ లైన్' అన్న ప్రయోగం పెరిగింది. ఇటు జరగని, అటు జరగని గీత అన్నమాట. రూల్‌తో జత బాగా స్థిరపడింది ఆ తర్వాతే.

రెండు గట్టి మాటలు జోడించారన్న మీ మాట కూడా కొట్టెయ్యాల్సింది కాదు. నావికులు కూడా అలాగే జోడించి ఉంటారు. విడివిడిగా ఉన్న మాటలు జంటగా గడ్డకట్టింది మాత్రం ఓడ దగ్గరే అంటాను నేను.

టగ్‌బోట్:
దీనికి ఎదురు మాట కూడా ఉంది. ఓడ అడుగు నేలకి అలా రాసుకుని, ఆగకుండా వెళ్లిపోయిందనుకోండి, 'టచ్ అండ్ గో'. ఆస్పత్రిలో మనిషి పరిస్థితి అటో ఇటో అన్నప్పుడు ఇంగ్లీషులో ఈ మాటే వాడతారు కదా.

రిటైర్డ్_మాస్టారు:
భలే గుర్తు చేశారు. ఆ టచ్ అండ్ గో కూడా అదే స్మిత్ నిఘంటువులో ఉంది, మీరు చెప్పిన అర్థంతోనే.

అనుమానం_పక్షి:
సరే, ఓడకి ఒప్పుకున్నాను. కానీ ఒడ్డుకెక్కిన ఓడ ఎప్పటికీ కదలదని ఏముంది? పోటు వస్తే తేలదా?

టగ్‌బోట్:
తేలొచ్చు. సరుకు దింపి బరువు తగ్గిస్తే, టగ్గులు పెట్టి లాగితే, పోటు కలిసొస్తే బయటపడ్డ ఓడలు బోలెడు. గుజరాత్‌లో అలంగ్ దగ్గర పాత ఓడల్ని విరగ్గొట్టడానికి కావాలనే పెద్ద పోటు చూసుకుని ఒడ్డుకి ఎక్కిస్తారు. అక్కడ ఆటుకీ పోటుకీ తేడా మనిషిని ముంచేంత, ఇంకా ఎక్కువే. మన విశాఖ తీరంలో ఆ తేడా బాగా తక్కువ. కాబట్టి ఇక్కడ పొరపాటున ఎక్కిన ఓడకి సముద్రం నుంచి పెద్ద సాయం ఆశించకూడదు.

డాబాగార్డెన్స్_వకీలు:
ఈ మాట మీద మా కోర్టులకి ఉన్నంత ప్రేమ ఎవరికీ లేదు. బెయిల్ ఇవ్వాలా వద్దా అన్నదానికి 'హార్డ్ అండ్ ఫాస్ట్ రూల్ పెట్టలేం, ప్రతి కేసులో ఉన్న విషయాల్ని బట్టి ఉంటుంది' అన్న వాక్యం జడ్జిమెంట్లలో ఎన్నిసార్లు చదివానో. గమనించారా, ఎప్పుడూ 'లేదు' అనడానికే వాడతారు. 'ఇది హార్డ్ అండ్ ఫాస్ట్ రూల్, జాగ్రత్త' అని బెదిరించే జడ్జి గారిని నేనింతవరకు చూడలేదు. మాస్టారూ, ఇంగ్లీషు వాళ్లూ అంతేనా?

దీనికి జంటగా తిరిగేది ఇంకోటి ఉంది, 'స్ట్రెయిట్ జాకెట్ ఫార్ములా', అంటే అన్ని కేసులకీ ఒకేలా బిగించే సూత్రం. మా జూనియర్లు టైప్ చేసేటప్పుడు strait బదులు నిటారు అన్న అర్థం వచ్చే straight స్పెల్లింగ్ కొడతారు. నేను దిద్దుతూనే ఉంటాను, వాళ్లు కొడుతూనే ఉంటారు.

రిటైర్డ్_మాస్టారు:
ఎక్కువగా నిరాకరణలోనే వస్తుంది వకీలు గారూ, మీ పరిశీలన సరైనదే. 'హార్డ్ అండ్ ఫాస్ట్ రూల్ ఉంది' అన్నా వ్యాకరణం తప్పు కాదు, కానీ చెవికి వింతగా తగులుతుంది. మనం 'అంతేలే, రాసిపెట్టిన రూలా?' అంటాం, 'ఇది రాసిపెట్టిన రూలు' అని ఎప్పుడో గానీ అనం కదా. పక్కన ఉండే నామవాచకాలు కూడా కొన్నే: రూల్, లైన్, డిస్టింక్షన్, మహా అయితే ఎవిడెన్స్. నామవాచకానికి ముందు పెడితే మూడు మాటల మధ్యా హైఫన్లు పెట్టడం మర్యాద. మనుషులకి వాడకూడదు. 'మా బాస్ హార్డ్ అండ్ ఫాస్ట్' అంటే ఎవరికీ అర్థం కాదు. మన సర్క్యులర్ గారిలాగా పనికి తగిలించడం అసలు కుదరదు.

ఇక మీ జాకెట్ సంగతి. ఇక్కడి స్ట్రెయిట్ అంటే ఇరుకు, బిగువు. పాక్ జలసంధిని పాక్ స్ట్రెయిట్ అంటామే, ఆ స్ట్రెయిట్. లాటిన్‌లో బిగించి కట్టడం అన్న క్రియ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. స్ట్రిక్ట్, పేపర్ల వాళ్లకి ప్రాణమైన 'స్ట్రింజెంట్ యాక్షన్'లో స్ట్రింజెంట్, ఇవి కూడా ఆ క్రియ పిల్లలే. చేతులు కదలకుండా పొడుగు చొక్కా చేతుల్ని వెనక్కి లాగి ముడేసే ఆ కోటుకి ఆ పేరు సరిపోయింది. నిటారుకీ దీనికీ సంబంధం లేదు. మీ జూనియర్లకి ఓ ఊరట ఉంది, ఆ రెండో స్పెల్లింగ్‌ని కూడా ఇప్పుడు చాలా డిక్షనరీలు ఒప్పుకుంటున్నాయి.

డాబాగార్డెన్స్_వకీలు:
ఆ ఆఖరి వాక్యం మా వాళ్లకి చూపించను.

గాజువాక_కుర్రాడు:
నేను మెకానికల్ చదివాను, నాదో గోల వినండి. మీరంతా హార్డ్, స్టిఫ్, రిజిడ్ అన్నీ ఒకే గాటన కట్టేస్తున్నారు. మా దగ్గర అలా అంటే వైవాలో బయటకి పంపేస్తారు. హార్డ్ అంటే గీత పడనిది, నొక్కు పడనిది. చిన్న గుండుతో నొక్కి, పడిన గుంట కొలుస్తారు. స్టిఫ్ అంటే బరువు వేస్తే ఎంత తక్కువ వంగుతుందో అది. తమాషా ఏంటంటే, ఉక్కుని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి గట్టిపరిస్తే హార్డ్‌నెస్ ఎన్నో రెట్లు పెరుగుతుంది గానీ స్టిఫ్‌నెస్ దాదాపు పెరగదు. ఆకురాయికి వాడే గట్టి ఉక్కైనా, ఇంటి గేటుకి వాడే మామూలు ఊచైనా, ఒకే సైజులో తీసుకుంటే సాగకుండా ఎదురు తిరిగే లెక్క సుమారు 200 గిగాపాస్కల్స్ (మా కొలమానం) దగ్గరే ఉంటుంది. మెలితిప్పితే ఎంత ఎదురు తిరుగుతుందో దానికి వేరే కొలత, మాడ్యులస్ ఆఫ్ రిజిడిటీ, అది ఉక్కుకి సుమారు 80. అంటే రిజిడ్ అన్నదానికి మా పుస్తకాల్లో నంబరుంది. మీ హార్డ్ అండ్ ఫాస్ట్‌కి లేదు 😄

ల్యాబ్_అక్క:
రిజిడ్ అంటే గుర్తొచ్చింది. ఏజెన్సీ వైపు నుంచి వచ్చే మలేరియా కేసుల చీటీల మీద డాక్టర్లు 'చిల్స్ అండ్ రైగర్స్' అని రాస్తారు. మనిషి పళ్లు కొట్టుకుంటూ, మంచం కదిలిపోయేలా వణుకుతాడు. చనిపోయాక ఒళ్లు కొయ్యబారడాన్ని రైగర్ మార్టిస్ అంటారు. ఒకటి వణుకు, ఒకటి బిగుసుకోవడం. రెంటికీ ఒకే మాట ఎలా?

రిటైర్డ్_మాస్టారు:
లాటిన్‌లో ఆ క్రియకి చలికి బిగుసుకుపోవడం అనే వాసన కూడా ఉందమ్మా. మనం 'చలికి కొంకర్లు పోయాను' అంటాం, అందులో వణుకూ ఉంది, బిగుసుకోవడమూ ఉంది. రిజిడ్, రైగర్, రిగరస్ మూడూ అక్కడివే.

గాజువాక కుర్రాడా, ఇంజినీరింగ్ తేడా ఒప్పుకుంటాను. వాడుక భాషకి వైవా ఉండదు, అది దాని అదృష్టం.

ఎంవీపీ_మేనమామ:
మావాడు పక్కనే కూర్చుని చదువుతున్నాడు. వాడి తరఫున ఇంకో ప్రశ్న. మనుషులకి హార్డ్ అండ్ ఫాస్ట్ వాడకూడదన్నారు కదా, మరి మా పెద్దనాన్న గారి లాంటివాళ్లకి ఏం వాడాలి? ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

రిటైర్డ్_మాస్టారు:
పెద్దాయన మనసు మార్చుకోరు అని మర్యాదగా చెప్పాలంటే ఇన్‌ఫ్లెక్సిబుల్. అడిగింది ఇచ్చేదాకా కదలకుండా కూర్చుంటే ఆడమెంట్. అది గ్రీకులో లొంగదీయలేనిది అన్న మాట నుంచి వచ్చింది, వజ్రానికి డైమండ్ అన్న పేరు కూడా అక్కడిదే. పాత పద్ధతే పద్ధతి, కొత్తదేదైనా తప్పు అనే రకమైతే హైడ్‌బౌండ్. నాకు వీటన్నిట్లో ఇష్టమైనది ఇదే. పదహారో శతాబ్దంలో ఇది మనుషుల మాట కాదు, పశువుల మాట. మేత లేక చిక్కి, తోలు ఎముకలకి అతుక్కుపోయిన గొడ్డుని అలా అనేవారు.

భీమిలి_రైతుబిడ్డ:
ఇది మాత్రం నాకు తెలుసు మాస్టారూ. మా ఊళ్లో పశువుల డాక్టర్ వస్తే ముందు మెడ దగ్గర తోలు రెండేళ్లతో పట్టి లాగి వదుల్తాడు. బాగున్న ఆవుదైతే తోలు చేతికొచ్చి టక్కున సర్దుకుంటాది. ఒంట్లో నీరు లేనిదైతే లేచిన తోలు లేచినట్టే ఉండి, నెమ్మదిగా దిగుతాది. మరీ డొక్కలెండిపోయినదైతే అసలు చేతికే రాదు. అలాటి గొడ్డుని చూసి మొండిమనిషికి పేరెట్టాడంటే ఆ ఇంగ్లీషోడు కూడా పల్లెటూరోడే అయ్యుంటాడు.

రిటైర్డ్_మాస్టారు:
అయ్యే ఉంటాడు. తెలుగులో ఆ చోట మనకి 'చాదస్తం' ఉంది, దాని పుట్టుక ఇంకోలా ఉంటుంది. ఛందస్సు అంటే వేదం, ఛాందసుడు అంటే వేదం చదివినవాడు. మొదట గౌరవమే. రానురాను పుస్తకం తప్ప లోకం తెలియనివాడయ్యాడు, ఆ పైన చెప్పిందే చెప్పే తాతగారయ్యాడు. పెద్దనాన్న గారి ముందు మాత్రం రెండూ అనకండి.

అనుమానం_పక్షి:
నా ఆఖరి అనుమానం. 'ఫాస్ట్ అండ్ లూజ్' అని ఇంకోటి ఉంది కదా. మాట మీద నిలబడనివాడి గురించి అంటారు. అందులోదీ ఈ ఫాస్టేనా?

రిటైర్డ్_మాస్టారు:
ఇదే. అది పూర్వం సంతల్లో ఆడే మోసపు ఆట. తోలు పట్టీని మడతలు పెట్టి బల్ల మీద ఉంచుతారు. డబ్బు కాసినవాడు ఆ మడతలోకి పుల్ల గుచ్చి, ఇక పట్టీ బిగిసింది, ఊడదు అనుకుంటాడు. ఆటగాడు రెండు కొసలు పట్టి లాగితే పట్టీ జారి వచ్చేస్తుంది, పుల్ల బల్ల మీదే ఉంటుంది. బిగిసిందన్నది వదులైపోయింది. మాటకి మాట పెడితే 'పట్టూ విడుపూ' అవుతుంది. కానీ మనకి పట్టూ విడుపూ తెలిసినవాడు పెద్దమనిషి, ఇంగ్లీషువాడికి ఫాస్ట్ అండ్ లూజ్ ఆడేవాడు దగాకోరు. మాటలు ఒకటే అయినా మేనల్లుడు పరీక్షలో ఇలా అనువాదం చేస్తే మళ్లీ మార్కు పోతుంది, జాగ్రత్త.

ఎంవీపీ_మేనమామ:
నోట్ చేసుకున్నాడు. టగ్‌బోట్ గారూ, వాడు మిమ్మల్ని ఒకటి అడగమంటున్నాడు. ఇప్పుడు కూడా ఓడ ఒడ్డుకెక్కితే రేడియోలో 'హార్డ్ అండ్ ఫాస్ట్' అనే అంటారా?

టగ్‌బోట్:
నేను వినలేదు తమ్ముడూ. వీహెచ్‌ఎఫ్‌లో 'అగ్రౌండ్' అంటారు, ఓడ ఎక్కడుందో, ఎంతమంది ఉన్నారో, నీళ్లు లోపలికి వస్తున్నాయో లేదో చెబుతారు. మోకులు కట్టాక 'ఆల్ ఫాస్ట్' మాత్రం ఈ సాయంత్రం కూడా అంటారు.